బయోన్ ఊరి చాకొలేటు నురగ

ఫ్రాన్సు దేశానికి నైరుతి మూలన, స్పెయిన్ సరిహద్దుకు దగ్గిరగా బయోన్ అనే ఊరు ఉన్నది. తుపాకి చివర బిగించే బాకును బాయొనెట్ అంటారు కదా? ఆ మాట ఈ ఊరి పేరునుంచే పుట్టిందని చెబుతారు. కాని ఇప్పుడు బయోన్ వెళ్ళేవాళ్ళెవరూ బాకులకోసం వెళ్ళరు, చాకొలేటుకోసం వెళతారు. ఫ్రాన్సులో చాకొలేటు తయారీ మొదట వేళ్ళూనుకున్న ఊళ్ళలో ఇది ఒకటి.

ఫ్రెంచివారి ఇళ్ళలో ఆదివారపు భోజనానికీ, పుట్టినరోజు విందుకూ చేసుకునే తీపివంటకం ఒకటున్నది. దాని పేరు చాకొలేటు మూస్. మూస్ అంటే వాళ్ళ భాషలో నురగ. సబ్బునురగా మూసే, పాలమీద లేచే నురగా మూసే. చాకొలేటు మూస్ పైకి చూస్తే చిక్కటి మీగడలా కనిపిస్తుంది. చెంచాతో ఒక పక్కనుంచి తీస్తే లోపల లెక్కలేనన్ని సన్నటి బుడగలుంటాయి. నోట్లో పెట్టుకుంటే, నమలబోయేలోగా మాయమైపోతుంది. ఇందులో పిండి లేదు, నెయ్యి లేదు. పాతపద్ధతిలో చేసేవాళ్ళయితే మీగడ కూడా వెయ్యరు. చాకొలేటూ, గుడ్లూ, గాలీ—అంతే!

గాలిని గిన్నెలో నిలబెట్టి తినటం మనుషులకు ఎలా తెలిసింది? ఆ కథలో కొంత భాగం బయోన్ వీధుల్లో నడిస్తే తెలుస్తుంది.

మా అమ్మాయీ అల్లుడూ ఫ్రాన్సులో తూలూజ్ నగరంలో ఉంటున్నారు. అక్కడ విమానాలు తయారుచేసే పెద్ద కర్మాగారాలున్నాయి. వాటిల్లోనూ, వాటిని ఆనుకుని ఉన్న సంస్థల్లోనూ మనవాళ్ళు కొందరు ఉద్యోగాలు చేస్తున్నారు. ముప్ఫై అయిదేళ్ళు బళ్ళో పాఠాలు చెప్పి, పని విరమించిన తరవాత నేను వాళ్ళ దగ్గిరికి వెళ్ళాను. తొమ్మిదేళ్ళ మా మనవరాలికి అప్పుడు వేసవి సెలవులు. ఆ పిల్ల నాతో తెలుగూ, బయటివాళ్ళతో ఫ్రెంచీ గడగడా మాట్లాడుతుంది. అందుచేత అందరం కలిసి బయోన్ ప్రయాణమైనప్పుడు నాకు దుబాసి మా మనవరాలే.

తూలూజ్‌నుంచి బయోన్‌కు రైలులో నాలుగు గంటలకు దగ్గిరగా పడుతుంది. దారిపొడుగునా ఎడమచేతివైపు పిరినీస్ కొండలు మనతోబాటే వస్తున్నట్టుంటాయి. ఆ కొండలకు అవతలిది స్పెయిన్. ఇవతలిది ఫ్రాన్సు.

చిత్రమేమంటే, బయోన్ స్టేషనులో దిగినవాడు అసలు బయోన్‌లో దిగడు! స్టేషను ఉన్నది అదూర్ అనే నదికి ఇవతలి ఒడ్డున, సెంతెస్ప్రీ అనే పేటలో. అక్కడినుంచి పొడుగాటి వంతెన దాటితేగాని పాతఊరు రాదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తరవాత దీనితో మనకు పని ఉన్నది.

వంతెనమీద నిలబడి చూస్తే అదూర్ నది మన గోదావరంత వెడల్పుండదు గాని, నిండుగా పారుతుంది. కొద్ది మైళ్ళ దూరంలోనే సముద్రం. పోటు వచ్చినప్పుడు నీళ్ళు ఇక్కడిదాకా ఎగదన్నుతాయి. నీవ్ అనే చిన్న నది ఊరి మధ్యగా వచ్చి అదూర్‌లో కలుస్తుంది. నీవ్‌కు ఒక పక్క పెద్ద బయోన్, మరొక పక్క చిన్న బయోన్. నదికి రెండు ఒడ్డులా సన్నగా, ఎత్తుగా ఇళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడి ఉంటాయి. గోడల్లో అడ్డంగా, నిలువుగా కర్రదూలాలు కనబడతాయి. కిటికీ తలుపులకు ముదురు ఎరుపో, ఆకుపచ్చో రంగు. ఇళ్ళ పైకప్పులకు పైగా పెద్ద చర్చి జంట శిఖరాలు. ఊరి చుట్టూ పాతకాలపు కోటగోడలు.

పెద్ద బయోన్‌లో పోర్ నెఫ్ అనే వీధి ఉన్నది. 'కొత్త రేవు' అని దాని అర్థం. ఒకప్పుడు ఇక్కడ వీధికి బదులు పడవలు వచ్చే కాలవ ఉండేదట. ఇప్పుడు కాలవ లేదు గాని, ఇళ్ళ ముందు వరసగా కమానులున్నాయి. వాటికింద వాన తగలకుండా నడవవచ్చు. ఈ కమానులకిందనే చాకొలేటు అంగళ్ళు. వీధి మొదట్లో అడుగుపెట్టేసరికే, వేయించిన గింజల వాసన ముక్కుకు తగిలింది. మన ఇళ్ళలో కాఫీగింజలు వేయించి మరలో పోసి తిప్పే రోజులు జ్ఞాపకం ఉన్నవాళ్ళకు ఆ వాసన పరాయిగా ఉండదు.

ఆ అంగళ్ళలో కజనావ్ అనేది 1854లో మొదలైనది. అక్కడ కూచుని చాకొలేటు తాగవచ్చు. మా ముందు పెట్టిన కప్పుల్లో చాకొలేటు కనబడలేదు. కప్పు అంచుకు పైగా గోధుమరంగు నురగ గుమ్మటంలా నిలబడి ఉన్నది. దానితోబాటు వెన్న రాసిన రొట్టెముక్కలు ఇచ్చారు.

"తాతయ్యా, దీన్ని తాగాలా, తినాలా?" అన్నది మా మనవరాలు.

"ముందు తిను, తరవాత తాగు," అన్నాను. నిజంగా చెయ్యవలసిందదే. పైనున్న నురగ చెంచాతో తినాలి, అడుగున ఉన్నది తాగాలి.

ఆ నురగ యంత్రంమీద చేసింది కాదట. చేత్తో చిలికినదట. చాకొలేటు చిలకటానికి ఫ్రెంచివాళ్ళకు ఒక కర్రసాధనం ఉన్నది. పొడుగాటి కాడ, దాని చివర గాళ్ళు చెక్కిన ముద్ద. దాన్ని పాత్రలోకి దించి, కాడను రెండు అరచేతులమధ్య పెట్టి అటూ ఇటూ తిప్పుతారు. దాన్ని వాళ్ళు మూస్వార్ అంటారు, నురగ తెప్పించేది అని అర్థం. నేను చూడగానే దానికి పేరు పెట్టాను—కవ్వం! మన అమ్మమ్మలు తాడు లేకుండా చేతులతో తిప్పే చిన్న కవ్వానికీ దానికీ పెద్ద తేడా లేదు.

చాకొలేటును నురగ తెప్పించి తాగటం ఫ్రెంచివాళ్ళు కనిపెట్టిన పని కాదు. చాకొలేటుకు పుట్టినిల్లు అమెరికా ఖండం. ఇప్పటి మెక్సికో, గ్వాటెమాలా దేశాలున్నచోట వెనక మాయా జాతివారూ, అజ్టెక్ జాతివారూ ఉండేవారు. వాళ్ళు కోకోగింజలు వేయించి, రాతిమీద నూరి, నీళ్ళలో కలిపి తాగేవారు. అందులో చక్కెర ఉండేది కాదు. ఒక్కొక్కప్పుడు మిరపకాయ కూడా కలిపేవారు. వాళ్ళకు అందులో అన్నిటికన్న ప్రియమైనది నురగ. అది రావటానికి వాళ్ళు ఏం చేసేవారో తెలుసా? నిలబడి, ఒక పాత్రలోనుంచి కింద ఉన్న మరొక పాత్రలోకి ఎత్తుగా ధారపోసేవారు. వెయ్యేళ్ళకు పూర్వపు మాయా పాత్ర ఒకదానిమీద ఒక స్త్రీ అలా ధారపోస్తున్న బొమ్మ ఉన్నది. పొద్దున్నే మీ ఇంట్లో కాఫీని గ్లాసులోకీ గిన్నెలోకీ తిరగపోయటం చూస్తున్నారుగా? అదే పని!

స్పెయిన్‌వారు 1521లో అజ్టెక్ రాజధానిని జయించారు. తరవాత కోకో వాళ్ళ దేశానికి చేరింది. అక్కడ చక్కెర కలిసింది. 1660లో ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీకి స్పెయిన్ రాజకుమారి మరియా తెరేసాతో పెళ్ళి జరిగింది. పెళ్ళి జరిగిన సెం జాఁ ద లూజ్ అనే ఊరు బయోన్‌కు దగ్గిరిదే. ఆ రాణికి చాకొలేటంటే చాలా ఇష్టం. అయితే రాణి తాగేది చాకొలేటే గాని, చాకొలేటు చేసింది రాణి కాదు. బయోన్‌కు ఆ విద్య తెచ్చినవాళ్ళు వేరే ఉన్నారు.

1492లో స్పెయిన్ రాజూ రాణీ ఒక శాసనం చేశారు: యూదులు మతమన్నా మార్చుకోవాలి, లేదా దేశమన్నా విడిచిపోవాలి. వేలకొద్దీ కుటుంబాలు ఇళ్ళూ పొలాలూ వదిలి పక్కనున్న పోర్చుగల్‌కు పోయాయి. కొద్ది ఏళ్ళకు అక్కడా అదేగతి పట్టింది. బలవంతంగా మతం మార్చారు. మారినవాళ్ళను కూడా అనుమానించి విచారణలు పెట్టి హింసించారు. అప్పుడు కొందరు పిరినీస్ కొండలు దాటి ఫ్రాన్సులోకి వచ్చారు. 1550లో ఫ్రాన్సు రాజు రెండో హెన్రీ వాళ్ళను 'పోర్చుగీసు వర్తకులు' అనే పేరుతో ఉండనిచ్చాడు. అలా వచ్చినవాళ్ళు బయోన్ ఎదటి ఒడ్డున నిలిచారు. ఆ ఒడ్డే మేము రైలు దిగిన సెంతెస్ప్రీ!

ఊళ్ళో ఉండటానికి వాళ్ళకు అనుమతి లేదు. పగలు వంతెన దాటి వచ్చి పనిచేసుకోవచ్చు. పొద్దుకుంకేసరికి మళ్ళీ వంతెన దాటి పోవాలి. వాళ్ళలో చాకొలేటు పనివారు బరువైన రాయి మోసుకుని ఇంటింటికీ తిరిగేవారు. మన ఊళ్ళలో రోలు కక్కేవాళ్ళూ, కళాయి పోసేవాళ్ళూ వీధుల్లోకి వచ్చేవారే, అలాగన్నమాట. పిలిచిన ఇంటిముందు రాయి దించి, దానికింద కాస్త నిప్పు పెట్టి, మోకాళ్ళమీద కూచుని వేయించిన కోకోగింజలు నూరేవారు. వేడికి గింజల్లోని వెన్న కరిగి, పొడి కాస్తా ముద్ద అయ్యేది. గంటలతరబడి నూరితేగాని అది నున్నబడదు. ఇలా నూరినవాళ్ళవల్లనే బయోన్ వాసులకు చాకొలేటు రుచి తెలిసింది. చూచిచూచి ఊరివాళ్ళు కూడా ఆ పని నేర్చుకున్నారు.

నేర్చుకున్న తరవాత ఏమయింది? 1761లో ఊళ్ళోని చాకొలేటు పనివారు ఒక సంఘం కట్టారు. యూదులు బయోన్‌లో చాకొలేటు చేసి అమ్మకూడదని కట్టడి చేయించారు. విద్య నేర్పినవాణ్ణి బయటికి నెట్టి, నేర్చుకున్నవాడు తలుపు గడియ వేసుకోవటమంటే ఇదే! సెంతెస్ప్రీవాళ్ళు ఊరుకోలేదు. న్యాయస్థానానికి వెళ్ళారు. ఆరేళ్ళు గడిచాక, 1767లో, బోర్దో నగరంలోని పెద్ద న్యాయస్థానం ఆ కట్టడి చెల్లదని తీర్పు చెప్పింది. 1790లో, ఫ్రెంచి విప్లవం నాటి శాసనసభ ఈ యూదులను కూడా మిగిలినవారితో సమానంగా దేశపౌరులుగా ఒప్పుకున్నది. 1857లో సెంతెస్ప్రీని బయోన్‌లో కలిపేశారు. అంతవరకూ ఊరికి బయటగా ఉన్న పేట, ఊరిలో భాగమైంది.

నేనీ కథ మా మనవరాలికి పోర్ నెఫ్ వీధి కమానులకింద నడుస్తూ చెప్పాను.

"పగలు రానిచ్చి, రాత్రి ఎందుకు ఉండనివ్వలేదు తాతయ్యా?" అని అడిగింది.

"వాళ్ళ మతం వేరని."

"మరి వాళ్ళ చాకొలేటు తాగారుగా!" అన్నది ఆ పిల్ల.

ముప్ఫై అయిదేళ్ళపాటు ప్రశ్నలకు జవాబులు చెప్పటమే నా పని. ఈ ప్రశ్నకు మాత్రం, 'నువ్వన్నదే సరి' అనటం తప్ప వేరే జవాబు లేదు. ఆ సాయంత్రం పొద్దువాలేవేళ మేము అదే వంతెన మీదుగా సెంతెస్ప్రీకి తిరిగి వచ్చాము. ఇటువారు అటూ, అటువారు ఇటూ నడిచిపోతున్నారు. రాత్రికి ఎవరెక్కడ పడుకుంటారని అడిగేవాళ్ళు లేరు.

మేము దిగిన ఇల్లు సెంతెస్ప్రీలోనే ఉన్నది. పైభాగం మాకు అద్దెకిచ్చి, కింద ఇంటి యజమానురాలు ఒక్కతే ఉంటున్నది. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి. మా మనవరాలు ఆవిణ్ణి "మదామ్" అని పిలిచేది. కజనావ్‌లో నురగ తిన్నామని చెబితే ఆవిడ నవ్వి, "అంగట్లో తిన్నది అంగట్లోనే మరిచిపోతారు. చేత్తో చేసింది మరిచిపోరు. రేపు పొద్దున నా వంటింటికి రండి, మూస్ చేద్దాం," అన్నది.

ఆవిడ వంటింటి బల్లమీద పెట్టిన సరుకులు చాలా కొంచెం. 200 గ్రాముల నల్ల చాకొలేటు, ఆరు తాజా గుడ్లు, చిటికెడు ఉప్పు. తీపి ఎక్కువ కావాలనేవాళ్ళు ఒక చెంచా చక్కెర వేసుకోవచ్చునన్నది. ఇది ఆరుగురికి సరిపోతుంది.

మొదట చాకొలేటు కరిగించాలి. దాన్ని తిన్నగా పొయ్యిమీద పెట్టకూడదు, మాడిపోతుంది. ఒక గిన్నెలో నీళ్ళు వేడిచేసి, దించి, ఆ నీళ్ళలో మరొక గిన్నె పెట్టి అందులో చాకొలేటు ముక్కలు వేసింది మదామ్. నీరు ఎంత మరిగినా 100 డిగ్రీలకు మించి వేడెక్కదు గనక, పై గిన్నెలోది మాడే భయం లేదు. ఈ పద్ధతిని ఫ్రెంచివాళ్ళు 'బాన్ మరీ' అంటారు. మరీ స్నానం అని అర్థం. ఆ మరీ ఎవరో తెలుసా? సుమారు పద్దెనిమిది వందల ఏళ్ళకు పూర్వం ఈజిప్టులో రసవాదం చేసిన ఒక యూదు స్త్రీ అని చెబుతారు. వేడిని అదుపులో పెట్టే పాత్రలు అనేకం ఆవిడ కల్పించిందట. మన ప్రయోగశాలల్లో ఇప్పుడూ 'వాటర్ బాత్' ఉంటుంది, అది ఈ వంటింటి సాధనానికి చెల్లెలే.

చాకొలేటు కరగటానికి చాలా వేడి అక్కరలేదు. అందులోని కోకోవెన్న 34 డిగ్రీల దగ్గిర కరుగుతుంది. మన ఒంటివేడి 37 డిగ్రీలు. చల్లని గదిలో రాయిలా ఉన్న చాకొలేటు, నోట్లో పడగానే కరిగిపోవటానికి కారణం ఈ మూడు డిగ్రీలే. మన విజయవాడ ఎండల్లో దాన్ని జేబులో వేసుకున్నవాడికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు!

"గిన్నెలో ఒక్క నీటిచుక్క కూడా పడకూడదు," అన్నది మదామ్. నీటిచుక్క పడితే, చాకొలేటులోని చక్కెరా, కోకోపొడీ తడిసి, ఒకదానికొకటి అంటుకుని, అంతా గట్టి ముద్దగా బిగుసుకుపోతుంది. ఈ మాట కూడా గుర్తుంచుకోండి.

తరవాత గుడ్లు. పచ్చసొన ఒక గిన్నెలోకీ, తెల్లసొన మరొకదానిలోకీ విడదియ్యాలి. మదామ్ ఒక్కొక్క గుడ్డునూ ముందు చిన్న కప్పుమీద పగలగొట్టి, తెల్లసొన బాగున్నదని చూసుకున్నాకనే పెద్దగిన్నెలో పోసేది. ఎందుకో వెంటనే తెలిసింది. మా మనవరాలు పగలగొట్టిన గుడ్డులో పచ్చసొన చిట్లి, తెల్లసొనలో కలిసింది. మదామ్ కోప్పడలేదు. ఆ కప్పును ఆ పిల్ల చేతికే ఇచ్చి, "దీన్ని గిలకొట్టి చూడు," అన్నది. పిల్ల ఎంతసేపు కొట్టినా, పెద్దపెద్ద బుడగలు నాలుగు లేచి చితికిపోయాయి గాని, తెల్లటి నురగ కట్టలేదు. ఆ గుడ్డు సాయంత్రం అట్టులోకి పనికివచ్చింది. దాని బదులు వేరే గుడ్డు తీసుకున్నారు.

దీనికి కారణం ఇది. తెల్లసొనలో నూటికి 90 వంతులు నీరే. మిగిలినదానిలో చాలాభాగం మాంసకృత్తులు. వాటి అణువులు చిన్నచిన్న నూలుండల్లాగా చుట్టుకుని ఉంటాయి. తీగలకవ్వంతో గిలకొట్టినప్పుడు ఈ ఉండలు విచ్చుకుని దారాలవుతాయి. లోపలికి చొరబడిన గాలిబుడగ చుట్టూ ఈ దారాలు చేరి, ఒకదానికొకటి ముడిపడి, బుడగకు గోడ కడతాయి. అందుకే అది చితకదు. అయితే పచ్చసొనలో కొవ్వు ఉన్నది. కొవ్వు, దారాలకన్న ముందే బుడగ అంచుకు చేరి, వాటికి చోటులేకుండా చేస్తుంది. గోడ కట్టేవాళ్ళు లేక బుడగ పగిలిపోతుంది. గిన్నెకు జిడ్డు ఉన్నా ఇదే జరుగుతుంది. కాబట్టి గిన్నె శుభ్రంగా కడిగి, పొడిగుడ్డతో తుడిచి మొదలుపెట్టాలి.

మదామ్ ఇంట్లో కరెంటుతో తిరిగే కవ్వం ఉన్నది గాని, ఆవిడ దాన్ని తియ్యలేదు. తీగలకవ్వం మా మనవరాలి చేతికిచ్చింది. పిల్ల చెయ్యి నొప్పి పుట్టగానే మా అమ్మాయి అందుకున్నది, తరవాత నేను. పది నిమిషాలలో, గిన్నె అడుగున ఉన్న జిగురునీరు గిన్నెనిండా తెల్లటి నురగ అయింది. మదామ్ కవ్వం పైకెత్తి చూసింది. నురగ చివర పక్షిముక్కులా నిలబడి, కొస కొంచెం వంగింది. "చాలు," అన్నది. ఇంకా కొడితే దారాలు మరీ బిగిసి, నీరు బయటికి వచ్చి, నురగ పలుకులు పలుకులుగా విరిగిపోతుంది. ఎప్పుడు ఆపాలో తెలియటం కూడా విద్యలో భాగమే.

ఈలోగా చాకొలేటు గోరువెచ్చగా చల్లారింది. ఆవిడ పచ్చసొన అందులో వేసి కలిపింది. ఆ తరవాత నురగలో మూడోవంతు తీసి చాకొలేటులో వేసి, చెంచాతో బాగానే కలిపింది. కొంత నురగ చచ్చినా ఫరవాలేదు, చాకొలేటు కాస్త పలచబడాలి. మిగిలిన రెండువంతులూ వేసినప్పుడు మాత్రం ఆవిడ పద్ధతి మారిపోయింది. మా మనవరాలు గరిటె పట్టుకుని గిరగిరా తిప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపి, "కలపకు, దొర్లించు," అన్నది. గరిటెను గిన్నె మధ్యగా అడుగుదాకా దించి, అడుగునున్నదాన్ని మెల్లిగా ఎత్తి, పైనున్నదానిమీద దుప్పటి కప్పినట్టు కప్పాలి. గిన్నెను కొంచెం తిప్పి, మళ్ళీ అలాగే చెయ్యాలి. తెల్లచారలు కనబడకుండా పోయేదాకా ఇంతే. తొందరపడితే, ముగ్గురు చేతులు నొప్పిపుట్టించుకుని పట్టుకున్న గాలి ఒక్క నిమిషంలో ఎగిరిపోతుంది.

తరవాత చిన్నగిన్నెల్లో పోసి, ఫ్రిజ్‌లో నాలుగు గంటలుంచాము. చల్లదనానికి కోకోవెన్న మళ్ళీ గట్టిపడి, ప్రతి బుడగ చుట్టూ ఉన్న గోడకు మెత్తటి పూత పూసినట్టవుతుంది. అప్పుడిక నురగ కూలదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక గిన్నెలు బయటికి వచ్చాయి. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. పిల్లలున్న ఇంట్లో ఒక వంటకానికి అంతకన్న మెప్పు ఏముంటుంది?

ఇక తల్లిదండ్రులకు ఒక మాట. ఈ వంటకంలో గుడ్లు ఉడకవు. పచ్చిగుడ్డులో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. అది కడుపుజబ్బు తెస్తుంది. అందుకని ఫ్రెంచివారు చాలా తాజా గుడ్లు వాడతారు, చేసినదాన్ని చల్లగా ఉంచి, ఒక రోజు దాటకుండా తినేస్తారు. చంటిపిల్లలకూ, ముసలివారికీ, గర్భిణీస్త్రీలకూ, జబ్బుమనుషులకూ పచ్చిగుడ్డు మూస్ పెట్టకూడదు. మన ఎండలలో, గుడ్డు ఎన్నాళ్ళ కిందటిదో తెలియని ఇళ్ళలో అసలే వద్దు.

అలా అని నిరుత్సాహపడనక్కరలేదు. గుడ్డు లేని మూస్ ఒకటున్నది. దాన్ని కూడా ఒక ఫ్రెంచివాడే చూపించాడు. ఆయన పేరు ఎర్వే తీస్, రసాయన శాస్త్రవేత్త. వంటింట్లో జరిగే మార్పులను శాస్త్రదృష్టితో పరిశీలించటమే ఆయన పని. 1995లో ఆయన చాకొలేటూ, నీళ్ళూ మాత్రమే వేసి నురగ చేసి చూపాడు!

చాకొలేటులో నీటిచుక్క పడకూడదని మదామ్ చెప్పిందిగా? మరి నీళ్ళు పోస్తే ఎలా? కిటుకు ఇక్కడే ఉన్నది. చుక్క నీరు పడితే పొడి తడిసి ముద్ద అవుతుంది. కాని నీరు ధారాళంగా ఉంటే, చక్కెర పూర్తిగా కరిగిపోతుంది, కోకోవెన్న సన్నటి బొట్లుగా విడిపోయి పాలలో వెన్నలాగా నీళ్ళలో తేలుతుంది. దాన్ని చల్లబరుస్తూ చిలికితే, గట్టిపడే వెన్నబొట్లు గాలిబుడగల చుట్టూ చేరి గోడ కడతాయి. గుడ్డులోని దారాలు చేసిన పని ఇక్కడ కోకోవెన్న చేస్తుందన్నమాట.

చేసే విధం ఇది. 200 మిల్లీలీటర్ల నీళ్ళలో 225 గ్రాముల నల్ల చాకొలేటు ముక్కలు వేసి, సన్నటి సెగమీద కలుపుతూ కరిగించాలి. పొయ్యి పని పెద్దవాళ్ళు దగ్గిరుండి చూసుకోవాలి. ఒక వెడల్పాటి పళ్ళెంలో మంచుముక్కలూ, నీళ్ళూ పోసి, అందులో చాకొలేటు గిన్నె పెట్టి, తీగలకవ్వంతో గిలకొట్టాలి. మొదట్లో ఏమీ కాదు. 'ఇది అయ్యేది కాదు' అనిపిస్తుంది. తరవాత ఉన్నట్టుండి రంగు పాలిపోయి, కవ్వం వెనక గీతలు నిలవటం మొదలవుతుంది. అక్కడ ఆపెయ్యాలి. మరీ గట్టిపడితే మళ్ళీ కరిగించి కొంచెం నీరు కలపండి. చిక్కబడకపోతే కరిగించి నాలుగు చాకొలేటు ముక్కలు వేసి మళ్ళీ చిలకండి. ఎన్నిసార్లు చెడినా తిరిగి చెయ్యగల ప్రయోగం ఇది. చాకొలేటు కొనేటప్పుడు మాత్రం కాగితంమీద అక్షరాలు చదవండి. కోకోవెన్నకు బదులు వేరే నూనెలు కలిపినదైతే ఈ రుచి రాదు.

ఆ చాకొలేటుకు గింజ ఎక్కడిదని మీరు అడగవచ్చు. అది మీ ఇంటికి చాలా దగ్గిరిది కూడా కావచ్చు. ఇవాళ మన దేశంలో కోకో అన్నిటికన్న ఎక్కువగా పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే. ఏలూరు, పశ్చిమగోదావరి, కోనసీమ ప్రాంతాలలో కొబ్బరితోటలకు వెళితే, కొబ్బరిచెట్ల నీడన పొట్టి చెట్లు కనబడతాయి. వాటి కాయలు కొమ్మల చివర వేలాడవు, మానునే అంటిపెట్టుకుని కాస్తాయి. కాయ పగలగొడితే తెల్లటి గుజ్జులో గింజలుంటాయి. వాటిని కొన్నిరోజులు కప్పిపెట్టి పులియబెట్టి, ఎండబోస్తారు. పులియకపోతే ఆ గింజకు చాకొలేటు రుచే రాదు. అమెరికా ఖండంలో పుట్టిన చెట్టు మన గోదావరి మట్టిలో వేళ్ళు దన్నింది. దాన్ని మాత్రం పొద్దుకుంకేసరికి వెళ్ళిపొమ్మన్నవాళ్ళు లేరు.

కాబట్టి ఒక సెలవురోజున మీ అమ్మనో, నాన్ననో పక్కన కూచోబెట్టుకుని ఈ నురగ చేసి చూడండి. చేతులు నొప్పిపుడితే వంతులు వేసుకోండి. గిన్నె ముందు కూచున్నాక, దీని వెనక ఎవరెవరి చేతులున్నాయో లెక్కపెట్టండి: ఎత్తునుంచి ధారపోసిన మాయా స్త్రీ, రాయి మోసుకుని వంతెన దాటిన సెంతెస్ప్రీ పనివాడు, నీళ్ళగిన్నెలో గిన్నె పెట్టిన మరీ, మంచుమీద చిలికి చూపిన ఎర్వే తీస్, కొబ్బరితోటలో కాయలు కోసిన రైతు. గాలిలాగే వీళ్ళూ గిన్నెలో కనబడరు. అయితే లెక్క త్వరగా పూర్తిచెయ్యండి. తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఉన్న ఇంట్లో ఈ నురగ అంతసేపు ఆగదు!